మియాటా రేడియేటర్ ఫ్యాన్‌కి విడి స్విచ్: తిరగకపోయినా, ఆగకపోయినా ముందు చూడాల్సింది ఏంటి

మొదటి తరం మాజ్డా మియాటాలో, అంటే అమెరికాలో 1990 నుంచి 1997 దాకా అమ్మిన కార్లలో, రేడియేటర్ ఫ్యాన్‌ని సీట్లో కూర్చునే వేసుకునేలా స్విచ్ పెట్టుకోవడం చిన్న పనే. ఒక సన్న వైరు, ఒక స్విచ్, ఒక ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి కలిసి ఉండే కారు బాడీ లోహం) చాలు. ట్రాక్ మీద గట్టిగా తోలి పిట్‌లోకి వచ్చి ఆగినప్పుడు, ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కో కారుగా తోలే టైము పోటీ) వరసలో ఎండలో నిలబడ్డప్పుడు, ఇంజన్ కాగేదాకా ఎదురుచూడకుండా ముందే ఫ్యాన్ వేసుకోవచ్చు. పని చిన్నదే అయినా దీన్ని తప్పుగా కలిపేవాళ్లు చాలామంది. దాదాపు అందరూ చేసేది ఒకే తప్పు.

ముందు ఈ కారు పద్ధతి గుర్తుపెట్టుకోండి. ఫ్యాన్ మోటారుకి కరెంటు ఇచ్చేది రిలే, అంటే లోపలి కాయిల్‌లో చిన్న కరెంటు పారితే మూసుకునే స్విచ్. తాళం ఆన్‌లోకి తిప్పగానే ఆ కాయిల్‌కి ప్లస్ వచ్చేస్తుంది. ఫ్యాన్ వేయడం, ఆపడం అంతా మైనస్ వైపే జరుగుతుంది. 1.6 లీటర్ ఇంజన్‌లో (1990–93) థర్మోస్టాట్ హౌసింగ్‌కి బిగించిన థర్మోస్విచ్ సుమారు 97 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ కాయిల్‌ని ఎర్త్‌కి కలుపుతుంది. 1.8లో (1994–97) అదే పని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చేస్తుంది. ఈ మైనస్ లైను డయాగ్నస్టిక్ పెట్టెలో (పరీక్షల కోసం పిన్నులు బయటికి తెచ్చిన పెట్టె) టీఎఫ్‌ఏ (TFA) అనే పిన్నుకి వస్తుంది. మనం పెట్టే స్విచ్ టీఎఫ్‌ఏని ఎర్త్‌కి కలపాలి, అంతకుమించి ఏమీ చేయకూడదు. దాని గుండా వెళ్లేది కాయిల్ కరెంటే, పావు ఆంపియర్ కూడా ఉండదు. 18 గేజ్ వైరు ధారాళంగా సరిపోతుంది. మోటారు కరెంటుని డ్యాష్‌బోర్డు దాకా లాక్కొచ్చే అవసరమే లేదు.

స్విచ్ వేసినా ఫ్యాన్ తిరగడం లేదు

అమెరికా కార్లలో బానెట్ కింద డ్రైవర్ వైపు డయాగ్నస్టిక్ పెట్టె ఉంటుంది. మూత తీస్తే లోపలివైపు పిన్నుల పేర్లు రాసి ఉంటాయి. తాళం ఆన్‌లో పెట్టండి, ఇంజన్ స్టార్ట్ చేయక్కర్లేదు. చిన్న వైరు ముక్కతో టీఎఫ్‌ఏని, జీఎన్‌డీని (GND, అంటే ఎర్త్ పిన్ను) కలపండి. ఫ్యాన్ ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి చేతులు దూరంగా ఉంచండి. అదే పెట్టెలో బ్యాటరీ ప్లస్ పిన్ను కూడా ఉంటుంది, అందుకే పేరు రెండుసార్లు చదివాకే వైరు పెట్టండి.

అర నిమిషం కూడా పట్టని పరీక్ష ఇది. దీన్ని వదిలేసి జనం రిలే కొంటారు, థర్మోస్విచ్ మారుస్తారు, డ్యాష్ కూడా విప్పుతారు. దయచేసి ఇది చేయకుండా ఇంకేదీ ముట్టుకోవద్దు.

పెట్టె దగ్గర కలిపితే ఫ్యాన్ తిరిగిందంటే ఫ్యూజు, రిలే, మోటారు మూడూ బాగానే ఉన్నట్టు. తప్పు మీరు లాగిన వైరులోనో, స్విచ్ ఎర్త్‌లోనో ఉంది. ఎక్కువగా ఎర్త్‌లోనే ఉంటుంది. డ్యాష్ కింద కనిపించిన స్క్రూకల్లా లగ్గు (వైరు కొసనుండే లోహపు రింగు) బిగించేస్తారు. ఆ స్క్రూ ప్లాస్టిక్‌లోకి దిగి ఉండొచ్చు, పెయింటు వేసిన బ్రాకెట్‌కి పట్టి ఉండొచ్చు. లగ్గు కూర్చునే చోట పెయింటు గీకి, రూపాయి బిళ్లంత మేర తెల్లటి లోహం బయటపడ్డాక బిగించండి. టీఎఫ్‌ఏ సాకెట్‌లోకి ఉత్త వైరు కొస దూరిస్తే నాలుగు రోజుల కుదుపులకి ఊడిపోతుంది. అందులో గట్టిగా పట్టే సైజు మగ టెర్మినల్ వైరుకి క్రింప్ చేసి (నొక్కి బిగించి) పెట్టండి.

పెట్టె దగ్గర కలిపినా తిరగకపోతే ముందు ఫ్యూజు చూడండి, తర్వాత రిలే టక్కుమంటుందో లేదో వినండి. చప్పుడు వచ్చినా ఫ్యాన్ కదలకపోతే, ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి మోటారుకి నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. టీఎఫ్‌ఏతో తిరిగేది రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే. పక్కనున్న ఏసీ ఫ్యాన్‌కి వేరే రిలే ఉంది, అది తిరగలేదని కంగారుపడొద్దు.

స్విచ్ ఆపినా ఫ్యాన్ ఆగడం లేదు, తాళం తీస్తేనే ఆగుతోంది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. రిలే అతుక్కుపోయిందనో, థర్మోస్విచ్ షార్టయిందనో అనుకుంటారు. రెండూ మారుస్తారు. ఫ్యాన్ మాత్రం అలాగే తిరుగుతుంటుంది. అసలు దోషం స్విచ్‌లో వెలిగే చిన్న దీపానిది.

దుకాణంలో దొరికే దీపం ఉన్న రాకర్ స్విచ్‌కి (అటూ ఇటూ ఒరిగే నొక్కుడు స్విచ్) వెనక మూడు కాళ్లుంటాయి. సాధారణంగా రెండు వెండి రంగువి, ఒకటి ఇత్తడి రంగుది. దీపం లోపల రెండో కాలికీ ఇత్తడి కాలికీ మధ్య ఉంటుంది. ప్యాకెట్ మీది బొమ్మ ఫాగ్ లైట్ల లాంటి పనుల కోసం గీసింది: ఒకటో కాలికి 12 వోల్టులు, రెండోది లైటుకి, ఇత్తడిది ఎర్త్‌కి. అది ప్లస్ వైపు తెంచే పద్ధతి. మన కారులో తెంచేది మైనస్ వైపు. ఈ తేడా సగం తెలిసినవాళ్లు ఒకటో కాలిని ఎర్త్‌కి, రెండోదాన్ని టీఎఫ్‌ఏకి సరిగ్గానే కలిపి, ఇత్తడి కాలిని మాత్రం బొమ్మ చూసి ఎర్త్‌కే ఇస్తారు.

ఇప్పుడు కరెంటు దారి చూడండి. స్విచ్ ఆపి ఉన్నా ప్లస్ నుంచి రిలే కాయిల్, కాయిల్ నుంచి టీఎఫ్‌ఏ, అక్కణ్నుంచి దీపం, దీపం నుంచి ఎర్త్. దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. 12 వోల్టుల రిలే లాగడానికి, అంటే మూసుకోవడానికి, కాయిల్ మీద సుమారు 7, 8 వోల్టులు కావాలి. ఒకసారి లాగాక పట్టి ఉంచడానికి మాత్రం అందులో చిన్న వంతు చాలు, చాలా రిలేలు 1, 2 వోల్టులకి పడిపోయాకే వదులుతాయి. స్విచ్ వేసినప్పుడు రిలే లాగుతుంది. ఆపినప్పుడు దీపం గుండా పారే ఆ కాస్త కరెంటే దాన్ని పట్టుకుని ఉంటుంది. స్విచ్ ముట్టుకోకపోయినా, థర్మోస్విచ్ ఒకసారి ఫ్యాన్ వేసిందంటే ఇక ఆగదు. ఫిలమెంట్ దీపమైతే మరీ కష్టం. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం బాగా తక్కువ కాబట్టి, తాళం తిప్పగానే రిలే తనంతట తానే లాగినా లాగొచ్చు. ఎల్‌ఈడీ అయితే లోపలి రెసిస్టర్‌ని బట్టి ఒకరోజు ఆగుతుంది, ఒకరోజు ఆగదు.

గుర్తుపట్టడం తేలిక. తాళం ఆన్‌లో పెట్టి, చీకట్లో స్విచ్ కేసి చూడండి. ఆపి ఉన్నప్పుడు దీపం మసగ్గా వెలుగుతూ, వేయగానే ఆరిపోతోందా? అయితే ఇదే. స్విచ్ వేస్తే దీపం రెండు కొసలూ ఎర్త్‌కే చేరతాయి, ఇక వెలిగే దారి లేదు. ఇంకా నమ్మకం కుదరకపోతే, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుండగా ఇత్తడి కాలి వైరు పీకండి. టక్కున ఆగిపోతుంది.

బొమ్మలో ఉన్నట్టే మూడు కాళ్లూ కలిపినవాళ్ల పరిస్థితి ఇంకా ప్రమాదం. ఒకటో కాలికి 12 వోల్టులు ఇచ్చారు కాబట్టి స్విచ్ వేయగానే దీపం చక్కగా వెలుగుతుంది. ఫ్యాన్ తిరుగుతోందనే భ్రమ కలుగుతుంది. నిజానికి కాయిల్ రెండు కొసలకీ ప్లస్సే వచ్చింది, రిలే లాగదు. ఇంజన్ కాగి 97 డిగ్రీలకి చేరి థర్మోస్విచ్ ఎర్త్ కలిపిన క్షణంలో మీ 12 వోల్టులు నేరుగా ఎర్త్‌లోకి పోతాయి. ఫ్యూజు ఉంటే కొట్టేస్తుంది, లేకపోతే వైరు కాలుతుంది. 1.8లో ఆ దెబ్బ ఈసీయూలోని ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. టీఎఫ్‌ఏ వైరు మీదికి ఏ కారణంతోనూ నేరుగా ప్లస్ ఇవ్వకూడదు.

అన్నిటికంటే మంచి మందు దీపం లేని, రెండు కాళ్ల మామూలు టాగుల్ స్విచ్. ఒక కాలు టీఎఫ్‌ఏకి, ఒకటి ఎర్త్‌కి. దీపం కావాల్సిందే అంటే విడిగా ఒక ఎల్‌ఈడీ పెట్టండి. దాని ప్లస్ కాలికి 1 ఆంపియర్ ఫ్యూజు, 1 కిలో ఓమ్ రెసిస్టర్ (అర వాట్‌ది) మీదుగా ఇగ్నిషన్ ప్లస్, మైనస్ కాలికి టీఎఫ్‌ఏ. ఇలా కలిపితే 12 మిల్లీఆంపియర్ల దగ్గర వెలుగుతుంది. ఫ్యాన్‌ని మీరు వేసినా, కారు తనంతట తాను వేసినా వెలుగుతుంది కాబట్టి ఆటోమేటిక్ పనిచేస్తోందో లేదో కూడా సీట్లోంచే తెలుస్తుంది. ఫిలమెంట్ దీపం ఉన్న రాకర్‌నే వాడుకోవాలంటే, 1.6లో ఇత్తడి కాలిని ఎర్త్ నుంచి తీసి అదే ఫ్యూజు మీదుగా ఇగ్నిషన్ ప్లస్‌కి మార్చితే సరిపోతుంది. 1.8లో అది వద్దు, దీపం కరెంటు కూడా ఈసీయూ మోయాల్సి వస్తుంది. ఎల్‌ఈడీ ఉన్న రాకర్‌తో ఈ మార్పు అసలు చేయొద్దు, లోపలి ఎల్‌ఈడీ తలకిందులై వెలగదు, పాడవ్వొచ్చు కూడా.

ఇంకో జాగ్రత్త: దీపానికి ఇచ్చే ప్లస్ తాళం ఆన్‌లో ఉంటేనే వచ్చేదై ఉండాలి. ఎప్పుడూ ఉండే బ్యాటరీ ప్లస్ ఇస్తే, తాళం తీసినా ఎల్‌ఈడీ గుండా, కాయిల్ గుండా వెనక్కి కరెంటు కారుతూనే ఉంటుంది. పది మిల్లీఆంపియర్లే అయినా వారానికి 1.7 ఆంపియర్ అవర్లు. డిక్కీలోని చిన్న బ్యాటరీకి, నెలల తరబడి కదలని కారులో అది తక్కువేం కాదు.

ఫ్యాన్ తిరుగుతోంది, కానీ నీరసంగా

మల్టీమీటర్‌తో మోటారు ప్లగ్ పీకి చూసి 12.6 వోల్టులు ఉంది, వైరింగ్ బాగుంది అనేస్తారు. లోడు లేనప్పుడు చూస్తే తుప్పు పట్టిన కనెక్షన్‌లోనూ అంతే వస్తుంది. ప్లగ్ పెట్టి, ఫ్యాన్ తిరుగుతుండగా కొలవండి. బ్యాటరీ మైనస్ నుంచి మోటారు మైనస్‌కి 0.2 వోల్టులు, ప్లస్ వైపు 0.5 వోల్టులు దాటితే ఆ వైపు కనెక్షన్లు విప్పి శుభ్రం చేయండి. మోటారు కరెంటునే డ్యాష్ స్విచ్ గుండా తిప్పి ఉంటే కొలవడం కూడా దండగ, ఆ వైర్లు తీసేసి టీఎఫ్‌ఏ పద్ధతికి రండి.

ఫ్యాన్ బాగానే తిరుగుతోంది, వేడి తగ్గడం లేదు

ఒక కాగితం రేడియేటర్ ముందు పెట్టండి. లోపలికి పీల్చుకుని అతుక్కోవాలి. అవతలికి ఎగిరితే మోటారు వైర్లు తారుమారయ్యాయి. ప్లగ్ కోసి మళ్లీ కలిపిన కార్లలో ఇది జరుగుతుంది. గాలి దిశ సరిగ్గా ఉంటే కారు కింది ప్లాస్టిక్ అండర్‌ట్రే ఉందో లేదో చూడండి. అది ఊడిపోయిన మియాటాలో వేగంగా వెళ్లేటప్పుడు గాలి రేడియేటర్ గుండా కాకుండా కింద నుంచి తప్పించుకుపోతుంది. ఆ తర్వాత, ఇంజన్ పూర్తిగా చల్లారాక, కూలెంట్ మట్టం. 1.6లో మట్టం తగ్గి హౌసింగ్‌లో గాలి చేరితే థర్మోస్విచ్‌కి నీళ్లు తగలవు, వేడి తెలియదు, ఫ్యాన్ తనంతట తాను లేవదు. కొత్త స్విచ్ ఉంది కదా అని దాంతోనే నెట్టుకురావద్దు. గాలి తీసి కూలెంట్ నింపి, మీ స్విచ్ ఆపి ఉంచి, నిలబడి ఉన్న కారులో ఆటోమేటిక్‌గా ఫ్యాన్ లేచేదాకా గేజీ మీద కన్నేసి చూడండి.

రిలే కాంటాక్టులు నిజంగానే అతుక్కోవడం, మోటారు బేరింగు పట్టేయడం, ఈసీయూ పోవడం అరుదు. రిలే పీకినా ఫ్యాన్ తిరుగుతూనే ఉందంటే పాత ఓనరు ఎవరో మోటారుకి నేరుగా ప్లస్ లాగి ఉంటారు. మోటారు ప్లగ్ దగ్గర మొదలుపెట్టి, ఫ్యాక్టరీది కాని ఆ వైరు ఎటు పోయిందో చివరిదాకా వెతికి తీసేయండి.