బేస్ గిటార్ నేర్చుకుందాం – 6వ పాఠం: ఖంగుమనే టోన్ పోకుండా, వేళ్లు మండకుండా స్ట్రింగ్స్ ఎంచుకోవడం

పోయిన పాఠంలో కుడిచేతి రెండు వేళ్లతో మార్చి మార్చి మీటడం మొదలుపెట్టాం కదా. ఆ సాధన చేస్తున్నవాళ్లలో చాలామంది అడుగుతున్నది ఒకటే: వేళ్లు తట్టుకోలేకపోతున్నాయి, చదును తీగ చుట్టిన, నున్నటి ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ వేసేసుకోమంటారా అని. కాస్త ఆగండి. ముందు ఏ చెయ్యి నొప్పో చెప్పండి, ఎడమదా, కుడిదా? అది తేలకుండా సెట్ కొంటే డబ్బులు పోతాయి, టోన్ పోతుంది, నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు.

ఎడమచేతి పని తీగను ఫ్రెట్ మీదికి అదిమిపట్టడం. అక్కడ నొప్పి వస్తోందంటే కారణం టెన్షన్, అంటే చాలావరకు తీగ మందం, లేదా తీగ మరీ ఎత్తులో ఉండటం. కుడిచేతి వేళ్లు తీగ మీద రాసుకుంటూ పోతాయి కాబట్టి అక్కడ మంట వచ్చేది పైచుట్టు, అంటే తీగ కోర్ చుట్టూ చుట్టిన లోహపు తీగ, గరుకుదనం వల్ల. ఇక బ్రైట్ టోన్, అంటే ఆ ఖంగుమనే గుణం, ముఖ్యంగా ఎక్కడుంటుందంటే ఆ పైచుట్టులో, అది ఏ లోహం, ఎలా చుట్టారు, ఎంత కొత్తది అన్నదాంట్లో ఉంటుంది. అందుకే ఎడమచెయ్యి నొప్పికి విరుగుడుగా బ్రైట్ టోన్‌ని వదులుకోవాల్సిన అవసరం ఏ మాత్రం లేదు. మందం తగ్గిస్తే సరిపోతుంది.

మన బైరాగిపట్టెడ వైపు చర్చిలో వాయించే ఒక తమ్ముడు ఉన్నాడు. నున్నగా ఉంటాయి కదా అని 105 మందం (ఈ నంబరు సంగతి కింద చెబుతాను) ఫ్లాట్‌వౌండ్ సెట్ వేయించుకున్నాడు. కుడిచేతి మంట నిజంగానే తగ్గింది. ఎడమచెయ్యి మాత్రం అంతకుముందుకంటే ఎక్కువ లాగేసింది, ఎందుకంటే అదే మందంలో ఫ్లాట్‌వౌండ్ చాలావరకు గుండ్రటి తీగ చుట్టిన రౌండ్‌వౌండ్ కంటే బిగుతుగా ఉంటుంది. పైగా హాల్లో కీబోర్డు, డ్రమ్స్ మధ్య తన బేస్ తనకే వినపడలేదు. ‘అన్నా, మోత ఉంది కానీ ఏ స్వరమో తెలీడం లేదు’ అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. లావు తీగను, అంటే ఈ (E) తీగను, ఉత్తగా మీటితే 41 హెర్ట్జ్ చిల్లర. చిన్న ఆంప్, మామూలు బాక్సులు, ఫోను స్పీకరు అంత లోతును సరిగ్గా పలికించలేవు, మన చెవి ఆ స్వరంతో పాటే పలికే పై నాదాల్ని, అంటే ఓవర్‌టోన్స్‌ని, పట్టుకుని అది ఏ స్వరమో పోల్చుకుంటుంది. ఫ్లాట్‌వౌండ్ ఆ ఓవర్‌టోన్స్‌నే అణిచేస్తుంది. ఆ గుండ్రటి, మెత్తటి సౌండే కావాలనుకునేవాళ్లకు అది అద్భుతం, అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటల్లో బేసిస్టు జేమ్స్ జేమర్సన్ వాయించింది ఫ్లాట్‌వౌండ్ మీదే. కానీ చిన్న బాక్సుల మీద, గోల మధ్య వాయించే మనకు కొంచెం ఖంగుమనే గుణం ఉండి తీరాలి.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను, ఈ రోజే చేయండి. నాలుగు తీగల్నీ అర స్వరం (ఒక ఫ్రెట్ అంత) కిందికి ట్యూన్ చేసి, మామూలుగా వాయించేదే ఓ పావుగంట వాయించండి. అర స్వరం దిగితే టెన్షన్ దాదాపు 11 శాతం తగ్గుతుంది. ఎడమచేతికి హాయిగా అనిపించిందంటే మీకు కావాల్సింది సన్న సెట్. తేడా ఏమీ లేకపోతే స్కేలు తీసుకుని 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు కొలవండి. ఈ (E) తీగ కింద సుమారు 2.4 మిల్లీమీటర్లు, అన్నిటికంటే సన్నదైన జీ (G) తీగ కింద 2 ఉంటే బాగున్నట్టే, 3 దాటితే తప్పు స్ట్రింగ్స్‌ది కాదు, ముందు యాక్షన్ (తీగ ఎత్తు) దించుకోవాలి. తర్వాత ఎడమచెయ్యి అసలు వాడకుండా ఉత్త తీగల్ని కుడిచేత్తో మీటుతూ పోండి. అప్పుడూ వేలికొసలు మండితే అది గరుకుదనం.

ఇప్పుడు మందం సంగతి. ప్యాకెట్ మీద 45, 65, 85, 105 అని ఉంటుంది, అవి అంగుళంలో వెయ్యోవంతులు. 105 అంటే 2.67 మిల్లీమీటర్లు. ఇక్కడ చాలామంది పట్టించుకోని లెక్క ఒకటుంది. అదే స్వరానికి ట్యూన్ చేసినప్పుడు టెన్షన్ దాదాపుగా మందం వర్గాన్ని బట్టి మారుతుంది. అందువల్ల ఈ (E) తీగ 105 నుంచి 100కి వస్తే తగ్గేది ఓ 9 శాతం, అదే జీ తీగ 45 నుంచి 40కి వస్తే 21 శాతం. రెండు చోట్లా తేడా అయిదు పాయింట్లే, వేలికి తెలిసే తేడా మాత్రం రెట్టింపు పైనే. కాబట్టి సెట్ కొనేటప్పుడు లావు తీగ నంబరు ఒక్కటే చూసి ఊరుకోకండి, నాలుగూ చదవండి. 45–100 సెట్‌లో జీ తీగ ఏమీ తగ్గదు, 40–100లో బాగా తగ్గుతుంది, 40–95లో అన్నీ తేలికవుతాయి. మరీ సన్నగా పోతే లావు తీగ వదులుగా ఊగి, గట్టిగా మీటినప్పుడు ఫ్రెట్లకు కొట్టుకుని టకటకమంటుంది. చేతివాటం మొరటుగా ఉన్నవాళ్లు 95 దాకా దిగకపోవడమే మంచిది.

పైచుట్టుకి వద్దాం. మీ దగ్గర రౌండ్‌వౌండ్ ఉంటే గోటిని తీగ వెంట మెల్లగా లాగి చూడండి, జర్రుమంటుంది. మధ్యలో ఉక్కు కోర్, దాని చుట్టూ గుండ్రటి తీగ చుడతారు, ఆ చుట్టుకీ చుట్టుకీ మధ్య గాడి ఉంటుంది కదా, ఆ చప్పుడు అదే, మీ వేలికొస అరిగేదీ అక్కడే. ఆ చుట్టు స్టెయిన్‌లెస్ స్టీలైతే అన్నిటికంటే బ్రైట్, అన్నిటికంటే గరుకు, ఫ్రెట్లను కూడా త్వరగా అరగదీస్తుంది. రోటోసౌండ్ స్వింగ్ బేస్ 66 ఈ జాతిదే. నికెల్ పూత వేసిన స్టీలు దానికంటే కొంచెం నునుపు, టోన్‌లో ఖంగు ఇంకా మిగిలే ఉంటుంది. అచ్చం నికెల్ ఇంకా మెత్తన. రౌండ్‌వౌండ్ పైభాగాన్ని అరగదీసి చేసే హాఫ్‌రౌండ్ దీనికీ ఫ్లాట్‌కీ మధ్యలో ఉంటుంది, నాకైతే అది రెండు వైపులా తృప్తినివ్వదు. పల్చటి కోటింగ్ ఉన్న ఎలిక్సిర్ లాంటివి వేలికి జారుడుగా, సుఖంగా ఉంటాయి, టోన్ చాలాకాలం నిలుస్తుంది, ధర మాత్రం ఎక్కువ.

నేను నేర్చుకునేవాళ్లకు గట్టిగా చెప్పేది నికెల్ పూత రౌండ్‌వౌండ్, 40–100. డాడారియోలో ఈఎక్స్ఎల్190 సరిగ్గా ఆ కొలతే. 40–95 కావాలంటే ఎర్నీ బాల్ ఎక్స్‌ట్రా స్లింకీ ఉంది. కొనేముందు మీ గిటార్ స్కేల్ (తీగలో మోగే భాగం పొడవు) 34 అంగుళాలా 30 అంగుళాలా చూసుకోండి, పొట్టి స్కేల్‌లో అదే తీగ టెన్షన్ 22 శాతం దాకా తగ్గిపోతుంది కాబట్టి దానికి సన్న సెట్ అక్కర్లేదు. తిరుపతిలో అకౌస్టిక్ సెట్లు దొరికినంత సులువుగా బేస్ సెట్లు దొరకవు, చెన్నై మౌంట్ రోడ్డుకి ఎవరైనా వెళ్తుంటే చెప్పి తెప్పించుకోండి, లేదంటే ఆన్‌లైనే.

సెట్ ఎంత మంచిదైనా మన ఎండలకి, ఉక్కపోతకి నిలవాలంటే కాస్త శ్రద్ధ కావాలి. గంగమ్మ జాతర రోజుల్లో ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లకు ఇది బాగా తెలుసు, చెమట గాడుల్లోకి దిగితే కొత్త తీగ కూడా తొందరగా మూగబోతుంది. వాయించడం అయ్యాక పొడి నూలుగుడ్డతో తీగను పైనా కిందా తుడవండి. లడ్డూ తిన్న చేతులతో, నెయ్యి కడుక్కోకుండా గిటార్ ముట్టుకోవద్దు. ఇంకో ముఖ్యమైన మాట, వీణ నేర్చుకుని బేస్‌కి వచ్చినవాళ్ల కోసం. వీణ మీద ఎడమచేతి వేళ్లకు నూనె రాసుకోవడం మీకు అలవాటే, అక్కడ మీరు ఎక్కువగా జార్చేది చుట్టు లేని సాదా తీగ మీద. ఇక్కడ నాలుగు తీగలకీ చుట్టు ఉంటుంది, నూనె ఆ గాడుల్లో చేరి ఖంగుని చంపేస్తుంది. వేలు జారడం లేదనిపిస్తే నూనె జోలికి పోకుండా కోటింగ్ ఉన్న సెట్ తీసుకోండి.

సన్న సెట్ వేశాక మొదటి రెండు మూడు ఫ్రెట్ల దగ్గర జుర్రుమని చప్పుడు వస్తే కంగారు పడకండి, లాగుడు తగ్గి మెడ కొంచెం నిటారైంది, అంతే. ట్రస్ రాడ్ (మెడ లోపలుండే లోహపు కడ్డీ) వదులు చేసి దాన్ని సరిచేయడం 7వ పాఠంలో చూద్దాం. అప్పటికి మీ గిటార్‌తో వచ్చిన అలెన్ కీ వెతికి పెట్టుకోండి, పాత స్ట్రింగ్స్ పారేయకండి, వాటితో పనుంది.