వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కార్మికులను పనిలో చేర్చుకోవడం ఎలా?

పటాన్‌చెరు, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ఒడిశా, బిహార్, ఝార్ఖండ్ కార్మికులు లేనిదే నడవని యూనిట్లు ఎన్నో. అయినా చాలాచోట్ల వాళ్లను చేర్చుకునే పని మేస్త్రీకో కాంట్రాక్టరుకో వదిలేస్తారు. అది యాజమాన్యమే దగ్గరుండి చేయాల్సిన పని.

1. బయలుదేరకముందే మాట తేల్చండి

జీతం, పని గంటలు, ఓవర్‌టైం, బస వివరాలు వాళ్లు చదవగల భాషలో రాసి ఫోనుకు పంపండి. అందరికీ హిందీ వచ్చనుకోవద్దు. ఒడియా మాత్రమే తెలిసినవాళ్లూ ఉంటారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంతో కూడా అడగండి. అప్పు చూపించి మనిషిని పనికి కట్టేయడం 1976 నుంచీ చట్టప్రకారం నేరం.

2. కాగితాలు చూడండి, దగ్గర పెట్టుకోకండి

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు నకలు తీసుకుని అసలువి అక్కడికక్కడే చేతికివ్వండి. కుర్రవాడిలా కనిపిస్తే బడి సర్టిఫికెట్ అడగండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఇదివరకు ఎక్కడైనా పీఎఫ్ కట్టారేమో కనుక్కుని, పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరైన పాత యూఏఎన్‌నే కొనసాగించండి. కొత్తది తెరిస్తే పాత డబ్బు అక్కడే చిక్కుకుపోతుంది. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) నంబరూ పాతదే పనికొస్తుంది, డిస్పెన్సరీని మాత్రం దగ్గరలోని దానికి మార్పించాలి.

3. ఆరోగ్య పరీక్ష డాక్టరుతోనే చేయించండి

ఈ పరీక్ష మనిషిని వెనక్కి పంపడానికి కాదు, అతనికి తగిన పని ఏదో తెలుసుకోవడానికి. సూపర్‌వైజర్ అందరి ముందూ జబ్బుల గురించి అడిగితే ఎవరూ నిజం చెప్పరు. విడి గదిలో, వాళ్ల భాష తెలిసినవారి సాయంతో డాక్టరే అడగాలి.

రెండు వారాలకు మించి దగ్గుంటే కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షా మందులూ ఉచితమే. క్షయ అని తేలినా ఉద్యోగం తీసేయనక్కర్లేదు: సరైన మందులు మొదలైన కొన్ని వారాలకే చాలామంది నుంచి ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. కొరాపుట్, మల్కాన్‌గిరి వైపు నుంచి వచ్చినవారికి జ్వరముంటే మలేరియా పరీక్ష తప్పనిసరి. ఒడిశా గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ రక్తహీనత అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఎక్కువ. అది ఉన్న మనిషిని కొలిమి దగ్గర నిలబెడితే, వేడికి ఒంట్లో నీరు తగ్గి భరించలేని నొప్పులు రావచ్చు. అలాంటివారికి వేడి తగలని చోట పని ఇవ్వండి. ప్రెస్సు, క్రేను నడిపేవారికి కంటిచూపు, వినికిడి కూడా చూడాలి.

ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. ఏ ఫలితమైనా ముందుగా ఆ మనిషికే చెప్పండి, నోటీసు బోర్డు మీద పెట్టొద్దు.

4. మొదటి రోజు యంత్రం దగ్గరికి తొందరగా పంపకండి

రెండు రాత్రులు జనరల్ బోగీలో కూర్చుని వచ్చిన మనిషికి ముందు స్నానం, భోజనం, నిద్ర కావాలి. మర్నాడు భద్రత గురించి చెప్పండి. ‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. అత్యవసర బటన్ ఎక్కడుందో నొక్కి చూపించమనండి. అదే భాష మాట్లాడే పాత కార్మికుడిని మొదటి నెల జతగా ఉంచండి. ‘ఏయ్ బిహారీ’ అనే పిలుపు మీ గేటు లోపల వినిపించకూడదు. ప్రతి మనిషికీ పేరుంది, ఆ పేరుతోనే పిలవాలి.

5. మొదటి నెల వెంట ఉండండి

సొంతూరి రేషన్ కార్డు మీదే ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. ఎవరినైనా తోడిచ్చి పంపండి. పిల్లలతో వచ్చినవారుంటే దగ్గరి ప్రభుత్వ బడిలో చేర్పించండి; టీసీ లేదని చేర్చుకోకుండా ఉండే వీలు విద్యాహక్కు చట్టంలో లేదు. జీతం చేతికొచ్చేదాకా తిండి ఖర్చుకు వడ్డీ లేకుండా కొంత డబ్బివ్వండి, మొదటి జీతం రోజున ప్రతి కోతనూ చీటీ మీద చూపిస్తూ వివరించండి.