పొలం బాటల్లో తిరిగే జీపుకు హౌసింగ్ ఆయిల్ ఎంచుకోవడం, మార్చడం ఎలా?

ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే జీపు ఉన్నవారెవరైనా తడుముకోకుండా చెబుతారు. హౌసింగ్ ఆయిల్ సంగతి అడిగితే మాత్రం, బండి కొన్నప్పటి నుంచి దాని జోలికే పోలేదని చాలామంది ఒప్పుకుంటారు. పుస్తకాల్లో డిఫరెన్షియల్ అని రాసే భాగాన్ని అనంతపురం షెడ్లలో హౌసింగ్ అనే పిలుస్తారు. వెనక యాక్సిల్ మధ్యలో గుండ్రంగా, కుండలాగా ఉబ్బి కనిపించేది అదే. నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ జీపు అయితే ముందు యాక్సిల్‌కు కూడా అలాంటిదే మరొకటి ఉంటుంది. ఈ రెండింటిలో ఏ నూనె పోయాలో, దాన్ని ఇంటి దగ్గరే ఎలా మార్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

లోపల జరిగేది కొంత తెలిస్తే నూనె ఎంపిక తేలికవుతుంది. ఇంజన్ వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు చివర పినియన్ అనే చిన్న గేరు ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. చాలా జీపుల్లో పినియన్‌ను క్రౌన్ నడిమధ్యకు ఎదురుగా కాకుండా కాస్త కిందికి జరిపి అమరుస్తారు. ఈ అమరికను హైపాయిడ్ అంటారు. దీనివల్ల పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడంతో పాటు గట్టిగా రాసుకుంటూ జారుతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర చిట్లిపోతుంది. అందుకే గేర్ ఆయిల్‌లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు వేస్తారు. పళ్లు వేడెక్కిన చోట అవి లోహంతో కలిసి పలుచటి రక్షణ పొరగా ఏర్పడతాయి. కొత్త డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన వాటిదే కనుక, దాన్ని చూసి నూనె పాడైందని అనుకోనవసరం లేదు.

ముందు జీఎల్, తర్వాతే నంబరు

దుకాణానికి వెళ్లి 'తొంభై నంబరు ఆయిల్ ఇవ్వండి' అని అడగడం మన దగ్గర అలవాటు. తొంభై అనేది చిక్కదనం మాత్రమే. అంతకంటే ముందు చూడవలసినది, నూనె ఎంత ఒత్తిడిని తట్టుకుంటుందో చెప్పే తరగతి గుర్తు: డబ్బా మీద జీఎల్-4 అని ఉందా, జీఎల్-5 అని ఉందా అనే సంగతి. హైపాయిడ్ గేర్లున్న హౌసింగ్‌కు జీఎల్-5 కావాలి. జీఎల్-4లో ఒత్తిడిని తట్టుకునే రసాయనాలు అందులో దాదాపు సగమే ఉంటాయి. అలాగని మిగిలిన జీఎల్-5ను తీసుకెళ్లి గేర్‌బాక్సులో పోయకూడదు, ఎందుకంటే చాలా గేర్‌బాక్సుల్లో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులు ఉంటాయి, వాటిని ఈ రసాయనాలు కాలక్రమంలో తినేసే ప్రమాదం ఉంది. ఒకే డబ్బా కొని గేర్‌బాక్సుకూ హౌసింగ్‌కూ సరిపెట్టే పొదుపు ఇక్కడ పనికిరాదు.

ఇక నంబరు. 80డబ్ల్యు-90 అన్నప్పుడు డబ్ల్యు పక్కనున్న అంకె చలికి సంబంధించినది. 75డబ్ల్యు నూనె సున్నాకు 40 డిగ్రీల దిగువన, 80డబ్ల్యు 26 డిగ్రీల దిగువన, 85డబ్ల్యు 12 డిగ్రీల దిగువన కూడా గేర్ల మధ్యకు చేరేంత జారుడుగా ఉండాలన్నది వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ పెట్టిన ప్రమాణం. పుష్యమాసం తెల్లవారుజామున కూడా సున్నా ఊసే లేని కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఆ మొదటి అంకె కోసం అదనంగా డబ్బు పెట్టవలసిన పని లేదు. మనకు అసలు పని ఉన్నది రెండో అంకెతోనే. నూరు డిగ్రీల వేడి దగ్గర 90 నంబరు నూనె చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల మధ్య, 140 నంబరుది 24 నుంచి 32.5 మధ్య ఉంటుంది. ఇంజన్ ఆయిల్‌లో 40 అని రాసేది అదే వేడి దగ్గర 12.5 నుంచి 16.3 వరకు ఉండేదే కనుక, 90 అనే అంకె చూసి అది ఇంజన్ ఆయిల్‌కు రెట్టింపు చిక్కన అనుకోవడం పొరపాటు. ఆ రెండు కొలబద్దలూ వేరు.

మాన్యువల్ 90 చెబితే 90 పోయడమే మంచిది. మే నెలలో తాడిపత్రి నుంచి నాపరాళ్ల బరువుతో ట్రైలర్‌ను లాగే బండికి 85డబ్ల్యు-140 వాడటానికి మాన్యువల్ అనుమతిస్తే అప్పుడు ఆలోచించవచ్చు. ఇరుసు నుంచి వచ్చే కూతను అణచడానికి మాత్రం 140 పోయించుకోకండి. కూత తగ్గుతుంది, అరుగుదల తగ్గదు. పాత జీపు కొనేటప్పుడు హౌసింగ్‌లో నూనె జిగటగా, మరీ చిక్కగా కనబడితే, అమ్మేవారు ఏదో దాస్తున్నారని నేను అనుమానిస్తాను.

వెనక యాక్సిల్‌లో, ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ ఏర్పాటు ఉన్న బండ్లకు, లోపలి క్లచ్ ప్లేట్లు పట్టుకుంటూ వదులుతూ వణకకుండా, రాపిడిని సరిచేసే ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే మందు కలిసిన నూనె కావాలి. పొలారిస్ వంటి కంపెనీల సైడ్-బై-సైడ్ బండ్లలో (పక్కపక్కనే కూర్చునే సీట్లతో మట్టి బాటల్లో తిరిగే చిన్న బండ్లు) ముందు డిఫరెన్షియల్ తనంతట తానే పట్టు అందుకునే రకం కావడంతో, దానికి కంపెనీ చెప్పిన ప్రత్యేక ద్రవం తప్ప తొంభై నంబరు పోయకూడదు. అది పట్టేది కూడా పావు లీటరు చుట్టూనే. ట్రాక్టర్ల సంగతి పూర్తిగా వేరు. చాలా ట్రాక్టర్లలో వెనక హౌసింగ్, హైడ్రాలిక్స్, నూనెలో మునిగి ఉండే బ్రేకులు ఒకే నూనెను పంచుకుంటాయి కాబట్టి, జీపుకు తెచ్చిన డబ్బాను ట్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్లనే కూడదు.

ఎప్పుడు మార్చాలి

మాన్యువల్‌లో కిలోమీటర్ల లెక్క రెండు విధాలుగా ఉంటుంది: ఒకటి తారు రోడ్డుకు, మరొకటి దుమ్ము, బరువు, నీళ్ల మధ్య తిరిగే బండికి. మనం చూడవలసినది రెండోది. ఆ లెక్కకు కట్టుబడి ఉన్నవారు కూడా మరచిపోయే భాగం ఒకటుంది. హౌసింగ్ పైన వేలెడంత గొట్టమో, చిన్న టోపీ వంటి బిరడానో ఉంటుంది. దాని పేరు బ్రీదర్. నూనె వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి దాని గుండా బయటికి పోతుంది, చల్లారినప్పుడు బయటి గాలి దాని గుండానే లోపలికి వస్తుంది. ఏడాదిలో పదకొండు నెలలు ఎర్రమట్టి దుమ్ములో తిరిగే మన బండ్లలో ఈ బ్రీదర్ సిమెంటు మెత్తినట్టు మూసుకుపోతుంది. పన్నెండో నెలలో వంక పారుతుంది. చేయి పెడితే చురుక్కుమనే హౌసింగ్ ఒక్కసారిగా మోకాలి లోతు నీళ్లలోకి దిగినప్పుడు లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ దారి లేక, నూనె కారకుండా ఆపే సీళ్ల పక్కనుంచి వంక నీళ్లనే లోపలికి లాక్కుంటుంది. కాబట్టి యాక్సిల్ మునిగేంత నీళ్లలో బండి దిగితే, కిలోమీటర్ల లెక్కతో పని లేకుండా ఆ వారంలోనే నూనె చూసుకోవాలి.

మార్చే పద్ధతి

జీపు తరహా యాక్సిల్‌కు సాధారణంగా లీటరు నుంచి రెండు లీటర్ల వరకు పడుతుంది; సరైన కొలత మాన్యువల్‌లో చూసుకుని అర లీటరు ఎక్కువ కొనండి. ప్లగ్గుకు సరిపడే పానా, కొత్త వాషర్లు, వెడల్పాటి ట్రే, వైరు బ్రష్, నూలు గుడ్డలు, నూనె ఎక్కించడానికి చేతి పంపు లేదా పెద్ద సిరంజికి తొడిగిన గొట్టం ఉంటే చాలు.

పది కిలోమీటర్లు తిప్పి తెచ్చిన బండిని సమతలంగా ఉన్న చోట ఆపండి. వెచ్చటి నూనె మడ్డిని వెంట తీసుకుని దిగుతుంది; మరీ వేడిగా ఉంటే చేతులు కాలుతాయి కనుక పావుగంట ఆగండి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. బండి ఎత్తు సరిపోతే జాకీ అక్కర్లేదు. ఎత్తక తప్పకపోతే నాలుగు చక్రాలూ సమంగా ఉండేలా స్టాండ్ల మీద నిలపాలి. కేవలం జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు.

ప్లగ్గుల చుట్టూ గట్టిపడిన మట్టిని వైరు బ్రష్‌తో రాల్చి, గుడ్డతో తుడవండి. తర్వాత మొదట విప్పవలసినది కిందిది కాదు, పక్కన పైకి ఉన్న, నూనె పోసే ఫిల్లర్ ప్లగ్. ఈ వరుస నేను నష్టపోయి నేర్చుకున్నది. ఒకసారి ఊరి బయట షెడ్డులో అక్కడి కుర్రాడు ఉత్సాహంగా, నూనె దించే కింది డ్రెయిన్ ప్లగ్‌ను ముందు విప్పేశాడు. నూనె మొత్తం కారిపోయాక చూస్తే పై ప్లగ్ తుప్పుపట్టి కదల్లేదు, పానా జారి దాని మూలలు కూడా గుండ్రమయ్యాయి. కొత్త నూనె చేతిలో ఉంది, పోసే దారి లేదు. బండి రెండు రోజులు అక్కడే నిలిచిపోయింది. ఫిల్లర్ ప్లగ్ రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పాత నూనె లోపలే ఉంది కాబట్టి, అత్యవసరమైతే బండి నడుస్తుంది.

పై ప్లగ్ వచ్చాక ట్రే పెట్టి కింది ప్లగ్ విప్పండి. చివరి రెండు చుట్లు వేళ్లతో లోపలికి నొక్కి పట్టుకుంటూ తిప్పితే ప్లగ్ ట్రేలో పడకుండా చేతికి వస్తుంది. ఇరవై నిమిషాలు, ధార బొట్లుగా మారేవరకు, వదిలేయండి. కొన్ని పాత యాక్సిళ్లకు డ్రెయిన్ ప్లగ్గే ఉండదు. వాటికి వెనక మూత బోల్టులు విప్పి గ్యాస్కెట్ మార్చుకోవాలి, లేదా ఫిల్లర్ రంధ్రం నుంచి చేతి పంపుతో వీలైనంత లాగేయాలి.

ఈ ఇరవై నిమిషాలూ నూనెను చదవడానికి ఉపయోగపడతాయి. ముదురు గోధుమ రంగు సహజమే. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. అలాంటప్పుడు కొత్త నూనె పోసి వంద కిలోమీటర్లు తిప్పి మళ్లీ మార్చడం మేలు, ఎందుకంటే మూలల్లో మిగిలిన తడి ఒక్కసారికి పోదు. నల్లగా ఉండి మాడు వాసన వస్తే, నూనె తక్కువై వేడెక్కిందేమో, సీళ్లు కారుతున్నాయేమో చూడండి. డ్రెయిన్ ప్లగ్ కొనకు అయస్కాంతం ఉంటే దానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటుంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. కాటుకలా మెత్తగా నలిగితే అది మామూలు అరుగుదల. గోటికి తగిలే పలుకులో, పెళుసుగా విరిగిన పంటి ముక్కలో దొరికితే నూనె మార్చి ప్రయోజనం లేదు. మూత విప్పించి క్రౌన్, పినియన్, బేరింగులు చూపించాలి.

ప్లగ్ తుడిచి, కొత్త వాషర్ వేసి, మొదట చేత్తోనే మరలు కలిపి, ఆ తర్వాత పానాతో మాన్యువల్ చెప్పినంత బిగించండి. పానాకు ఇనుప గొట్టం తొడిగి లాగే అలవాటు వద్దు. అలా తెగిన మర బాగుచేయించడానికి అయ్యే ఖర్చు ముందు నూనె ఖరీదు లెక్కలోకి రాదు.

కొత్త డబ్బాను గంటసేపు ఎండలో ఉంచితే నూనె పలుచబడి గొట్టంలో తేలిగ్గా ఎక్కుతుంది. ఆ వసతికి మన దగ్గర కొదవ లేదు. ఫిల్లర్ రంధ్రం గుండా నెమ్మదిగా ఎక్కించండి. రంధ్రం కింది అంచు దాకా వచ్చి సన్నగా బయటికి కారడం మొదలైతే చాలినట్టే. కొన్ని బండ్లకు అంచు నుంచి ఇంత కిందికి ఉండాలని మాన్యువల్ చెబుతుంది, దాన్ని పాటించండి. బండి వాలుగా పెట్టి ఎక్కువ పోస్తే, ఆ అదనపు నూనె వేడికి నురగెత్తి యాక్సిల్ సీళ్ల గుండా బ్రేక్ లైనర్ల మీదికి చేరుతుంది. ఫిల్లర్ ప్లగ్ బిగించాక బ్రీదర్ ఊడదీసి, పెట్రోల్‌తోనో డీజిల్‌తోనో కడిగి, నోటితో కాక గాలి పంపుతో ఊది, అటూ ఇటూ గాలి ఆడుతోందని తేల్చుకుని తిరిగి బిగించండి. వంకలు తరచుగా దాటేవారు దానికి రబ్బరు గొట్టం తొడిగి ఇంజన్ గది పై భాగం వరకు తెచ్చి కట్టుకుంటే నీళ్ల బెడద చాలావరకు తప్పుతుంది.

ట్రేలోని పాత నూనెను కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూయడం పల్లెల్లో ఉన్న అలవాటే గాని, అది చివరికి చేరేది బావిలోకే. వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించి అధీకృత రీసైక్లింగ్ కేంద్రాలకు పంపే వర్క్‌షాపులో ఇవ్వండి.

అయిదారు కిలోమీటర్లు తిప్పి వచ్చి రెండు ప్లగ్గుల దగ్గరా వేలితో తడిమి చూడండి. రాత్రికి హౌసింగ్ కింద ఒక అట్టముక్క పరిచి, తెల్లారాక దాని మీద మరక ఉందేమో చూసి, ఫిల్లర్ ప్లగ్ మరొక్కసారి విప్పి మట్టం సరిచూసుకున్నాక, మార్చిన తేదీనీ కిలోమీటరు అంకెనూ పెయింటుతో హౌసింగ్ మీదే రాసిపెట్టండి.