ప్రయాణపు ఫొటోలనూ అనుభవాలనూ పదిలపరచుకోవడం ఎలా? కోనసీమ రేవుల నుంచి విదేశాల దాకా

సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లినా, సింగపూర్ వెళ్లినా, ఇవాళ దాదాపు ప్రతి కుటుంబమూ వందలకొద్దీ ఫొటోలతో తిరిగివస్తోంది. కొన్నేళ్లు గడిచాక వాటిలో ఒకదాన్ని తెరిచి, ఇది ఏ రేవు, వెనక నిల్చున్న ఆయన ఎవరు, ఆ రోజు అక్కడ అంతమంది ఎందుకు చేరారు అని అడిగితే ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతారు. ఫొటో కంటికి కనిపించినదాన్ని మాత్రమే దాచగలదు. పేరు, వాసన, మాట, ధర, సందర్భం మనం రాస్తేనే మిగులుతాయి. అందువల్ల ఫొటో తీయడాన్నీ నాలుగు వాక్యాలు రాయడాన్నీ ఒకే పనిగా చూడాలని నా గట్టి అభిప్రాయం. ఆ పని ఎలా చేయాలో గోదావరి డెల్టాను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను.

మొదటి మెట్టు: కాలం చూసుకుని బయలుదేరడం

డెల్టా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. చేలల్లో సార్వా (వానాకాలపు వరి) నాట్లు పడుతుంటాయి. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, కుప్పలు, నూర్పిళ్లు కనిపిస్తాయి. దాళ్వా (రెండో పంట వరి) చేతికొచ్చాక వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక, నిండు కాలువ పక్కన కొబ్బరిచెట్ల నీడను ఊహించుకుని మే నెలలో వచ్చినవారికి అడుగు కనిపించే కాలువే ఎదురవుతుంది. ఉత్సవాలు చూడదలచినవారు తిథులు ముందుగానే రాసుకోవాలి: కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థం, భీష్మ ఏకాదశినాడు అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం. వెదురుతో, రంగుగుడ్డలతో ఎత్తుగా కట్టిన ప్రభలను భుజాలమీద మోస్తూ కౌశిక కాలువ దాటించే దృశ్యం కావాలంటే, తీర్థానికి చేరడమే కాక, కాలువ గట్టున చోటు కూడా ముందే చూసుకోవాలి.

రెండవ మెట్టు: ఫోన్‌ను సిద్ధం చేయడం

ఫోన్‌లో తేదీ, సమయం, స్థలం నమోదయ్యే అమరికలు పనిచేస్తున్నాయో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి. విదేశాలకు వెళ్లినప్పుడు ఫోన్ సాధారణంగా అక్కడి సమయానికి తానే మారుతుంది. విడి కెమెరాలు చాలావరకు మారవు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. కెమెరా గడియారాన్ని దిగగానే సరిచేయకపోతే, తర్వాత ఫోన్ ఫొటోలతో కలిపినప్పుడు ముందు జరిగినది తర్వాత జరిగినదాని వెనక వచ్చి కూర్చుంటుంది.

మూడవ మెట్టు: వెలుగు ఏ వైపు నుంచి వస్తుందో తెలుసుకోవడం

నదీతీరాల్లో ఇది తేలిక. రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు గట్టున ఉంది. కాబట్టి అక్కడి ఘాట్లలో నిలబడితే సాయంత్రం సూర్యుడు నదికి అవతల, కొవ్వూరు వైపు దిగుతాడు. 1900లో మొదలై 1997 వరకు రైళ్లను మోసిన హేవ్‌లాక్ వంతెన స్తంభాలు ఆ వెలుగులో నల్లని వరుసగా కనిపిస్తాయి. ఉదయపు వెలుగు కావాలంటే కొవ్వూరు గట్టుకు వెళ్లాలి. గోదావరి పాయ అయిన వశిష్ఠ మీద కూడా ఇదే లెక్క: సాయంత్రానికి సఖినేటిపల్లి రేవు, ఉదయానికి నరసాపురం రేవు. కొబ్బరితోటల్లో మాత్రం మండుటెండ శత్రువు, ఎందుకంటే ఆకుల సందుల్లోంచి పడే ఎండ మనిషి ముఖాన్ని మచ్చలు మచ్చలుగా చూపిస్తుంది. అక్కడ మబ్బుపట్టిన రోజే మేలు. సముద్రం దగ్గర ఉప్పుగాలి లెన్సు మీద పొరలా పేరుకుంటుంది కనుక మెత్తని నూలుగుడ్డ జేబులో ఉంచుకోవాలి.

నాలుగవ మెట్టు: ఒక్క చోటును మూడు దూరాల నుంచి తీయడం

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇంటికి వెళ్లారనుకుందాం. ముందు వీధితో సహా ఇల్లు, తర్వాత బోర్లించిన కుండ ముందు కూర్చున్న మనిషి, ఆ తర్వాత పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండమీద లాగే చెయ్యి. ఈ మూడూ ఉంటే ఆ పని ఎలా జరుగుతుందో చూడనివారికీ అర్థమవుతుంది. ఒకే కోణంలో ఇరవై తీయడం వల్ల ఆ ఫలితం రాదు.

మనుషులను తీసేముందు అడగడం తప్పనిసరి. “ఏమండీ, ఒక ఫొటో తీసుకోవచ్చాండి?” అన్న ఒక్క మాటకు గోదావరి జిల్లాల్లో కాదనేవారు అరుదు, అడిగాక వారు చెప్పే కబుర్లు ఫొటోకంటే విలువైనవి. అయితే ఘాట్లలో స్నానం చేస్తున్నవారినీ, పిండప్రదానం చేస్తున్నవారినీ, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలనూ తీయకూడదు.

ఐదవ మెట్టు: ఆ రాత్రికే రాయడం

అన్నిటికంటే ముఖ్యమైనదీ, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. బసకు చేరాక, నిద్రకు ముందు, చిన్న నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో ఆ రోజు గురించి పది పంక్తులు రాయాలి. రాయలేనివారు గొంతు రికార్డు చేసుకున్నా సరిపోతుంది. “కోనసీమ చాలా అందంగా ఉంది” అన్న వాక్యం ఏ ఊరికైనా అతుకుతుంది కాబట్టి అది దేన్నీ గుర్తు చేయదు. దానికి బదులు ఇలా రాయవచ్చు: “సఖినేటిపల్లిలో పంటు (మనుషులనూ బండ్లనూ రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కాం. మోటారుసైకిళ్లు ఒక పక్క, బడిపిల్లలు మరో పక్క. పంటు గట్టుకు తగలకముందే సగం మంది బండ్లు స్టార్టు చేశారు. నాన్నగారు చిన్నప్పుడు నాటుపడవలో ఇదే రేవు దాటిన సంగతి చెప్పారు.” ఇందులో వర్ణన అంటూ ఏమీ లేదు, అయినా చదివినప్పుడు ఆ రేవు మళ్లీ కనిపిస్తుంది.

ఫొటో తీయకూడని చోట రాత ఒక్కటే ఆధారం. ర్యాలిలోని జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఏకశిల. ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని. అర్చకులు దీపం వెలుగులో జడముడినీ, నగలనూ, వేళ్లనూ ఒక్కొక్కటిగా చూపిస్తుంటే కలిగే ఆశ్చర్యాన్ని గర్భాలయంలో కెమెరా ఎత్తకుండానే ఇంటికి తెచ్చుకోవాలి. అర్చకులు ఏ వరుసలో చూపించారో, మీ పక్కనున్న పిల్ల ఏమి అడిగిందో ఆ రాత్రే రాస్తే అది మీ దర్శనమవుతుంది. వారం ఆగితే స్థలపురాణం పుస్తకంలోని మాటలే మిగులుతాయి.

విదేశాల్లో ఈ అలవాటు మరింత అవసరం. అక్కడి విశేషాలు ప్రతి గైడు పుస్తకంలోనూ ఉంటాయి. మన కంటికి మాత్రమే తోచినవి వేరు. నెదర్లాండ్స్‌లోని కిండర్‌డైక్‌కు వెళ్లిన డెల్టా మనిషి అక్కడి పందొమ్మిది గాలిమరలను ఫొటో తీసి ఊరుకుంటే అది పోస్టుకార్డే. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయినప్పటి నుంచి మన కాలువల్లో నీరు పల్లానికి తనంతట తానే పారి చేలను తడుపుతుంది; సముద్రమట్టానికి దిగువనున్న ఆ పొలాల్లోనేమో చేరిన నీటిని పైకి ఎత్తి బయటికి పంపడానికే ఆ మరలు కట్టారు. వాన ముంపుకు మురుగుకాలువ పూడిక తీయించమని మొరపెట్టుకునే రైతుకు ఆ తేడా వెంటనే తడుతుంది, అతను దాన్నే రాయాలి. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాకు వెళ్లినవారికీ ఇంతే: కొబ్బరి, వరి, పడవలు మనవే అనిపిస్తాయి, ఏది మనలా లేదో వెతికి రాయడంలోనే సారమంతా ఉంది. అంత దూరం వెళ్లలేనివారికి యానాం ఉంది. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఆ ఊరి వీధుల్లో నడుస్తూ, చుట్టుపక్కల ఊళ్లతో పోల్చి రాసుకోవడం చక్కని అభ్యాసం.

నిబంధనలు చోటు చోటుకూ మారతాయి. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లోనూ, మన తాజ్‌మహల్‌లో సమాధులున్న ప్రధాన మందిరం లోపలా ఫొటోలు నిషిద్ధం. ద్వారం దగ్గరి బోర్డు చదివి లోపలికి వెళ్లాలి.

ఆరవ మెట్టు: ఇంటికొచ్చాక ఏరి, పేరు పెట్టి, దాచడం

వారంలోపే కూర్చుని మసకబారినవీ, ఒకేలా ఉన్నవీ తీసేయాలి. రోజుకు పదికి మించి ఉంచుకోవలసిన అవసరం చాలా అరుదు. ఫోల్డర్ పేరు సంవత్సరం, నెల, తేదీ, ఊరు అనే వరుసలో ఉండాలి: “2025-01-15 జగ్గన్నతోట”. అప్పుడు కంప్యూటరే వాటిని కాలక్రమంలో అమరుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, స్థలవివరాలూ పోతాయి. అసలు ఫొటో కావలసినప్పుడు డాక్యుమెంట్‌గా పంపించుకోవాలి. ఒక ప్రతి ఫోన్‌లోనే కాక, మరొకటి హార్డ్‌డిస్క్‌లోనో క్లౌడ్‌లోనో తప్పక ఉండాలి.

కొన్నింటిని కాగితం మీద అచ్చు వేయించండి. మెత్తని పెన్సిల్‌తో వెనక పేర్లు, ఊరు, తేదీ రాయాలి. జిగురు పేజీల ఆల్బమ్‌లు కాలక్రమంలో ఫొటోలను పాడుచేస్తాయి కనుక మూలలు దోపే ఆల్బమ్ కొనడం మంచిది. డెల్టా ఇళ్లలో వానాకాలం చెమ్మ గోడల్లోకి ఎక్కుతుంది. ఆల్బమ్‌ను గోడకు ఆనిన బీరువాలో అడుగు అరలో కాక పై అరలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి.

అచ్చు వేయించేటప్పుడు మరో రెండు ప్రతులు అదనంగా తీయించి, ఫొటోకు ఒప్పుకున్న పూతరేకుల ఇంటికీ పంటు మీది మనిషికీ పోస్టులో పంపండి. పేరు, చిరునామా ఆ రోజే నోట్‌బుక్‌లో రాయించుకుని ఉంటే ఈ పనికి ఒక్కొక్కరికి ఒక కవరు, ఒక స్టాంపు చాలు.