గ్రామసభలో మీ మాట రిజిస్టర్‌లోకి ఎక్కించడం ఎలా?

బడి ముందు వేపచెట్టు కింద నాలుగు కుర్చీలు, ఒక మైకు. సభ ఇంకా మొదలుకాలేదు కానీ రిజిస్టర్ అప్పటికే చేతులు మారుతోంది. "పెద్దమ్మా, ఇక్కడ వేలు పెట్టు" అన్నారెవరో. ఆమె వేలిముద్ర వేసి, సిరా వేలిని కొంగుకు తుడుచుకుంటూ కూర్చుంది. గంట తర్వాత మైకు అందితే లేచి చెప్పింది: ఇంటి వెనక గోడ వానకు ఉబ్బింది, రాత్రిళ్లు అటు పక్క పడుకోవడం లేదు. అందరూ విన్నారు. "రాసుకున్నాం, చూద్దాం" అన్నారు. ఆ రోజు రిజిస్టర్‌లో రాసింది మాత్రం ఒక్క ముక్క: "పలు సమస్యలపై చర్చించడమైనది."

అప్పుడు నేను వార్డు మెంబర్‌ని. ఆ "పలు సమస్యల్లో" ఆమె గోడ కూడా ఉందని మరుసటి ఏడు మండల ఆఫీసులో చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. నోటితో ఇచ్చిన హామీలు నీటిమూటలే. అందుకే ఇక్కడ చెప్పేదంతా మైకులో ఎలా మాట్లాడాలని కాదు, మాట్లాడింది కాగితం మీదికి ఎలా తేవాలని. తెలంగాణ పల్లెల లెక్కలో చెబుతున్నాను, పట్టణాల సంగతి చివర్లో రెండు ముక్కలు.

1. ముందు ఎవరి పనో తేల్చుకోండి

సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి. ఇల్లు రాలేదని సర్పంచ్ మీద, మోరీ (మురుగు కాలువ) తీయలేదని ఎమ్మెల్యే మీద అరుస్తాం. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గవని రాసిన 29 అంశాల్లో గ్రామీణ గృహనిర్మాణం ఉంది, ఆరోగ్యం, పారిశుద్ధ్యం కూడా ఉన్నాయి. నడుస్తున్న తీరు వేరు. మోరీలు, చెత్త ట్రాక్టర్, వీధి దీపాలు, శ్మశానం పంచాయతీ సొంత పనులు, అక్కడే తేలతాయి. ఇల్లు లేనివాళ్లకు సర్కారు డబ్బిచ్చే ఇందిరమ్మ ఇల్లు అలా కాదు. గ్రామసభలో జాబితా చదువుతారు, అభ్యంతరాలు తీసుకుంటారు, ఊళ్లోని ఇందిరమ్మ కమిటీ పేర్లు చూస్తుంది. మంజూరు పైనుంచే రావాలి.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో నాలుగు స్థాయీ సంఘాలు (కమిటీలు) ఉండాలి. ఒకటి పారిశుద్ధ్యం, రోడ్లు, మోరీలు, డంపింగ్ యార్డు, శ్మశానాలు చూసేది. ఒకటి వీధి దీపాలకు. ఒకటి మొక్కలకు. ఇంకొకటి పనులు, సంతలకు. మీ ఊళ్లో వీటిలో ఎవరెవరు ఉన్నారో ఒకసారి పంచాయతీ సెక్రటరీని అడిగి చూడండి. తమ పేరు కమిటీలో ఉన్న సంగతి తమకే తెలియని సభ్యుల్ని నేను చూశాను. మోరీ సమస్యైతే సభకన్నా ముందు మొదటి కమిటీ సభ్యుణ్ని గల్లీలోకి తీసుకెళ్లి చూపించండి. సభలో మీరు మాట్లాడాక "అవును, నేను చూశాను" అనే గొంతు ఒకటి ఉంటుంది.

వీటికి తోడు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ అని వేరే ఒకటి ఉంటుంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్ అందులో ఉంటారు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏడాదికి 10,000 రూపాయల వరకు ఊరి ఆరోగ్య అవసరాలకు వాడుకోవడానికే ఈ కమిటీకి కేటాయింపు ఉంది. చిన్న మొత్తమే. అయినా దోమల మందుకో, అంగన్‌వాడీ దగ్గర నిలిచిన నీళ్లు తీయించడానికో ఎమ్మెల్యే దాకా పోనక్కర్లేదు. మీ ఆశా అక్కను అడిగితే డబ్బు వచ్చిందో లేదో, దేనికి పెట్టారో చెబుతుంది.

2. సభ తేదీ పట్టుకోండి

రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలని చట్టం. దండోరా వేయాలి, నోటీసు అంటించాలి. చాలాచోట్ల నోటీసు పంచాయతీ ఆఫీసు లోపలి గోడకు ఉంటుంది, మీరు బయట ఉంటారు. సెక్రటరీ ఫోన్ నంబర్ ఆఫీసు బోర్డు మీదే ఉంటుంది. నెలకోసారి అడగండి, తప్పేం లేదు. సభకు కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క కూడా ఉంటుంది, ఓటర్ల సంఖ్యను బట్టి మారుతుంది. సభకు ముందే ఇల్లిల్లూ తిప్పి సంతకాలు పెట్టించే అలవాటు దీంతోనే వచ్చింది. జనం లేకపోయినా కాగితం మీద కోరం నిండుతుంది.

3. అర్జీ ఒక్క విషయం మీదే రాయండి

ఇల్లు, పింఛను, మోరీ, కరెంటు స్తంభం అన్నీ ఒకే కాగితం మీద రాస్తే ఆ కాగితం ఏ ఫైల్లోకీ వెళ్లదు. ఒక్కో విషయానికి ఒక్కో కాగితం. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎంత, ఏం కావాలి అన్న నాలుగూ ఉండాలి. కింది నమూనా చూడండి:

"గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి. మా 4వ వార్డులో బడి వెనక గల్లీలో మోరీ సుమారు 60 అడుగుల మేర కూలిపోయింది. జూన్ నుంచి మురుగు ఆరు ఇళ్ల ముందు నిలుస్తోంది. అందులో ఇద్దరు చంటిపిల్లలున్న ఇళ్లు ఉన్నాయి. దీన్ని వచ్చే గ్రామసభ ఎజెండాలో చేర్చి, మరమ్మతుకు తీర్మానం చేయగలరని కోరుతున్నాము."

కింద ఆ ఆరిళ్ల వాళ్ల సంతకాలు, ఇంటి నంబర్లు. "మా గల్లీ పరిస్థితి చాలా దారుణంగా ఉంది సార్" అని రాసినదానికి, "60 అడుగులు, ఆరిళ్లు" అని రాసినదానికి తేడా ఉంది. రెండోదానికి ఇంజనీరు వచ్చి టేపు పట్టగలడు.

రెండు కాపీలు తీయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద "ముట్టినది" అని రాయించి, తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. "ఎందుకమ్మా ముద్ర, నా మీద నమ్మకం లేదా?" అంటారు. "మీమీద ఉంది సార్, మీరు బదిలీ అయితే తర్వాత వచ్చే సార్‌కు చూపించాలి కదా" అనండి. నవ్వుతూ వేస్తారు. ఇదంతా సభకు కనీసం వారం ముందు అయిపోవాలి.

4. సభలో

ఖాళీ పేజీ కింద సంతకం పెట్టకండి. మిగతా అన్నీ మరిచినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. హాజరు పట్టీ వేరు, తీర్మానాల పుస్తకం వేరు. హాజరుకు సంతకం పెట్టొచ్చు, పైన తేదీ, "గ్రామసభ హాజరు" అని ఉంటేనే.

మీ వంతు వచ్చినప్పుడు అర్జీలో ఉన్నదే చదవండి. రెండు నిమిషాలు చాలు. పాత పగలు, పార్టీ సంగతులు ఎత్తితే అవతలి పక్క కూడా లేస్తుంది. తర్వాత అరగంట ఎవరు ఎవరికి ఓటేశారన్నదే చర్చ. మోరీ మోరీలాగే ఉంటుంది. మహిళా సంఘం వాళ్లతో ముందే మాట్లాడుకుని వెళ్తే మేలు, నలుగురు ఆడవాళ్లు ఒకే మాట మీద నిలబడితే ఆ విషయాన్ని దాటవేయడం ఎవరి తరమూ కాదు. నా ఐదేళ్లలో తేలిన పనుల్లో ఎక్కువ భాగం అలా తేలినవే.

చివర్లో సెక్రటరీని అడగండి: "ఏం రాశారో ఒకసారి చదవండి సార్." గట్టిగా, కానీ మర్యాదగా. "4వ వార్డు మోరీ గురించి చర్చించడమైనది" అని చదివితే ఒప్పుకోకండి. "మరమ్మతు చేయుటకు తీర్మానించడమైనది" అని ఉండాలి, దానికి ఒక తీర్మానం నంబరు ఉండాలి. చర్చించడానికి, తీర్మానించడానికి మధ్య తేడా వినడానికి చిన్నదే. మొదటిదాని మీద ఎవరూ బిల్లు చేయలేరు.

5. ఇంటి జాబితాలో పేరు లేకపోతే

2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టి ఇళ్ల జాబితాలు చదివినప్పుడు చాలా ఊళ్లలో గొడవలు జరిగాయి. కాగితాలు చించారు, కుర్చీలు విసిరారు. కోపం అర్థమవుతుంది. కానీ ఆ రోజు అరిచినవాళ్లకన్నా, పక్కన కౌంటర్‌లో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నవాళ్ల చేతిలోనే తర్వాత అడగడానికి ఆధారం మిగిలింది.

మీరు అడగాల్సింది "నా పేరేది?" అని కాదు, "నేను ఏ జాబితాలో ఉన్నాను, ఎందుకు?" అని. దరఖాస్తుల్ని మూడుగా విడదీశారు. ఎల్1 అంటే సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు. ఎల్2 అంటే జాగా కూడా లేనివాళ్లు. మిగతావాళ్లంతా ఎల్3. జాగా ఉన్నవాళ్లకే ముందు ఇస్తున్నారు కాబట్టి పొరపాటున ఎల్2లోనో, ఎల్3లోనో పడితే మొదటి విడతల్లో పేరు రాదు. రేకుల ఇంటిని సర్వేలో స్లాబు ఇల్లుగా నమోదు చేసిన సందర్భాలు నాకు తెలుసు. మీ ఇంటి ఫొటో, ఇంటి పన్ను రసీదు, జాగా కాగితం జతచేసి, తప్పు ఎక్కడుందో ఒకే వాక్యంలో రాసి మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ) ఆఫీసులో ఇవ్వండి.

ఇల్లు వచ్చినవాళ్లకు ఒక మాట. సర్కారు ఇచ్చే 5 లక్షలు ఒకేసారి రావు, బేస్‌మెంట్, గోడలు, స్లాబు, మొత్తం పూర్తి అని దశల వారీగా పడతాయి. కట్టడం 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. "ఎలాగూ కడుతున్నాం, ఇంకో గది వేద్దాం" అని పునాది పెంచి, బిల్లు ఆగి, అప్పు తెచ్చినవాళ్ల టెన్షన్ చూశాక చెబుతున్నాను. ముగ్గు పోసే ముందే కొలత చూసుకోండి.

6. సభ అయిపోయాక

పది రోజులు ఆగి తీర్మానం నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, తెల్ల కాగితం చాలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలాసార్లు దరఖాస్తు ఇచ్చిన మూడో రోజే నకలు చేతికొస్తుంది. ఆ నకలు జతచేసి ఎంపీడీఓకు, అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్తే "పంచాయతీలో చెప్పుకోండి" అంటారు. తీర్మానం నంబరుతో వెళ్తే ఆ మాట అనలేరు.

పట్టణంలో ఉంటే గ్రామసభ ఉండదు. 2019 మున్సిపాలిటీల చట్టం కింద ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు ఉండాలి. కౌన్సిలర్‌ని ఆ సభ్యుల జాబితా అడగండి. ఆంధ్రలో అయితే లబ్ధిదారుల జాబితా గ్రామ, వార్డు సచివాలయంలో అంటిస్తారు, అభ్యంతరం అక్కడే రాసివ్వాలి. మిగతా పద్ధతి అంతా ఇదే.

తర్వాతి గ్రామసభకు నకలు వెంట తీసుకెళ్లండి. ఎజెండా మొదలుకాగానే లేచి, "పోయిన సభ తీర్మానం నంబరు 7 ఏమైంది సార్?" అని అడగండి. మా ఊళ్లో ఆ ప్రశ్న మొదటిసారి అడిగింది ఆ పెద్దమ్మ కోడలు. సెక్రటరీ పుస్తకం తిరగేస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాతి వారం అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) వచ్చి ఆ గోడ ఫొటో తీసుకుని వెళ్లాడు.