పాత అమెరికన్ పాకెట్ వాచీ: కీ పడదు, ముళ్ళే తిరుగుతాయి

వాల్తమ్, ఎల్జిన్, హామిల్టన్, ఇల్లినాయ్, ఏ కంపెనీదైనా సరే, పాత అమెరికన్ పాకెట్ వాచీలో కేసు వేరు, లోపలి మూవ్‌మెంట్ (గడియారాన్ని నడిపే యంత్రం) వేరు. గడియారాల కంపెనీలు చాలాకాలం మూవ్‌మెంట్లను విడిగానే అమ్మాయి. కేసులు డ్యూబర్, కీస్టోన్, ఫాహీస్ లాంటి వేరే తయారీదారులవి. కొనేవాళ్ళు రెండూ ఎంచుకుంటే నగల దుకాణంలోనే బిగించి ఇచ్చేవారు. తర్వాతి కాలంలో ఎన్నో బంగారు కేసులు కరిగిపోయాయి, వాటిలోని మూవ్‌మెంట్లు దొరికిన కేసుల్లోకి చేరాయి. సేకరించేవాళ్ళకు ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఈ రెండూ కలిసే చోటే పుడతాయి. ముందు అక్కడ చూడండి.

నంబరు వెతికితే పొంతన లేని వివరాలు వస్తున్నాయి

వెనక మూత లోపల ఉన్నది కేసు నంబరు. దాంతో మూవ్‌మెంట్ తయారైన ఏడాది తెలియదు. మూవ్‌మెంట్ ప్లేటు మీద, కంపెనీ పేరు దగ్గర చెక్కిన నంబరుతోనే వెతకాలి. సైజు కూడా కేసును కొలిస్తే తప్పుతుంది. డయల్ తీసి, దాని కింది ప్లేటు వ్యాసం కొలవండి: 18 సైజు సుమారు 44.9 మి.మీ., 16 సైజు 43.2, 12 సైజు 39.8.

కేసు మారిందా లేదా అన్నది రెండు గుర్తులతో తేలుతుంది. కేసు లోపలి అంచున, ఇప్పుడున్న స్క్రూలకు దూరంగా పాత స్క్రూ తలల ఒరిపిడి కనిపిస్తే అందులో ఒకప్పుడు వేరే మూవ్‌మెంట్ ఉండేది. మూత లేని ఓపెన్-ఫేస్ కేసులో క్రౌన్ (కీ ఇచ్చేటప్పుడు తిప్పే తల) 3 అంకె దగ్గరికి వస్తే, అది చాలావరకు హంటర్ కేసు, అంటే డయల్ మీద మూత ఉండే కేసు కోసం చేసిన మూవ్‌మెంటే. ఇక 14 క్యారెట్లు అని ఉన్నా, పక్కన 20 ఏళ్ళ హామీ అని కూడా ఉంటే అది బంగారు రేకు పరిచిన కేసు. పూర్తి బంగారం ధర పెట్టకండి.

క్రౌన్ లాగినా ముళ్ళు కదలడం లేదు

బలంగా లాగకండి. అది లివర్-సెట్ గడియారం, అంటే చిన్న లివర్ లాగితేనే టైము పెట్టగలిగేది కావచ్చు. రైల్వే గ్రేడు వాచీల్లో ఈ పద్ధతి పెట్టింది పొరపాటున టైము మారకుండా ఉండడానికే. ముందువైపు అద్దం ఉన్న చట్రం (బెజెల్) విప్పితే డయల్ అంచున, ఓపెన్-ఫేస్‌లో సాధారణంగా 1–2 అంకెల దగ్గర, చిన్న లివర్ కొన కనిపిస్తుంది. గోటితో బయటికి లాగి, క్రౌన్ తిప్పి టైము పెట్టి, లివర్‌ను మళ్ళీ లోపలికి నెట్టండి. స్క్రూడ్రైవర్‌తో లాగితే ఎనామెల్ డయల్ పెచ్చు లేస్తుంది. ఈ ఒక్కటి చూసుకోకుండా క్రౌన్ పీకి పాడుచేసిన గడియారాలు అమ్మకంలో ఎన్నో కనిపిస్తాయి.

క్రౌన్ లోపలికి నొక్కి ఉన్నా కీ పడదు, ముళ్ళే తిరుగుతాయి

దీని మీదే డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. ఇది మూడు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి, క్రౌన్ ఎలా ఉన్నా ముళ్ళే తిరగడం. రెండు, వేలితో నొక్కి పట్టినంతసేపు కీ పడి, వదలగానే ముళ్ళ మీదికి పోవడం. మూడోది మోసపుచ్చుతుంది: కీ పడుతుంది, గడియారం నడుస్తుంది, కానీ వెనకబడుతుంది లేదా ఆగి ఆగి కదులుతుంది. ముళ్ళు తిప్పే చక్రాలు పూర్తిగా విడిపోక, మూవ్‌మెంట్ వాటిని కూడా ఈడ్చుకుంటూ నడవడమే ఇందుకు కారణం. మురికి అనుకుని సర్వీసింగ్‌కు ఇస్తారు, శుభ్రమై వచ్చినా అదే వరస.

స్విస్ గడియారంలో స్టెమ్‌ను, అంటే క్రౌన్ నుంచి లోపలికి వెళ్ళే కడ్డీని, మూవ్‌మెంటే పట్టి ఉంచుతుంది. అమెరికన్ పెండెంట్-సెట్ (క్రౌన్ లాగి టైము పెట్టే) గడియారాల్లో ఎక్కువ వాటిలో స్టెమ్ కేసుకు చెందినది. కేసు మెడలో మరతో బిగించిన స్లీవ్ అనే చిన్న స్టీలు గొట్టం దాన్ని పట్టి ఉంచుతుంది. చీల్చిన స్లీవ్ కొన స్టెమ్ మీది గట్టును ఇటో అటో బిగించి పడుతుంది. క్రౌన్ లాగినా నొక్కినా వినిపించే ‘టిక్’ అదే. ఏ ఒత్తిడీ లేనప్పుడు మూవ్‌మెంట్ ముళ్ళు తిప్పే స్థితిలోనే ఉంటుంది. స్టెమ్ వచ్చి లోపలి పిన్నును నొక్కితేనే కీ ఇచ్చే స్థితికి మారుతుంది. స్లీవ్ కాస్త పైన ఉన్నా ఆ నొక్కు చాలదు. కేసు మార్చినప్పుడు స్లీవ్ సరిచేయకపోతే జరిగేది ఇదే.

ఏ భాగమూ కొనకముందే ఈ పరీక్ష చేయండి. క్రౌన్ బయటికి లాగి, కేసు స్క్రూలు తిప్పి, మూవ్‌మెంట్ బయటికి తీయండి. స్టెమ్ దూరే రంధ్రంలో సరిపడే విడి స్టెమ్ పెట్టి, లోపలికి నొక్కి తిప్పండి. కీ పడి, నొక్కు వదిలితే ముళ్ళు తిరిగితే మూవ్‌మెంట్ ఆరోగ్యంగా ఉంది, తప్పు కేసుది. బయట పెట్టిన మూవ్‌మెంట్ ముళ్ళు తిప్పే స్థితిలోనే ఉంటుంది కాబట్టి, అలా నడిపి టైము చూసి తీర్పు చెప్పకండి.

తర్వాత క్రౌన్ చూడండి. నొక్కినప్పుడు ‘టిక్’ రాకముందే క్రౌన్ కేసు మెడకు ఆనుకుంటే స్లీవ్ ఎంత తిప్పినా లాభం లేదు, క్రౌన్ మార్చాలి. ఆనుకోవడం లేదంటే స్టెమ్ నలుపలకల కొనను పిన్ వైస్ అనే చిన్న పట్టుకారులో పట్టి, క్రౌన్ ఎడమకు తిప్పి విప్పండి. పైనుంచి స్లీవ్ గాట్లు కనిపిస్తాయి. స్లీవ్ రెంచ్‌లో సరిగ్గా పట్టే కొననే వాడండి, వదులుగా ఉంటే గాట్లు విరుగుతాయి.

కీ పడకపోతే స్లీవ్‌ను కుడికి, అంటే లోపలికి, పావు చుట్టు తిప్పండి. కీ పడి ముళ్ళు తిరగకపోతే ఎడమకు పావు చుట్టు. ప్రతిసారీ క్రౌన్, మూవ్‌మెంట్ బిగించి చూడాల్సిందే, విసుగొచ్చి ఒకేసారి రెండు చుట్లు తిప్పితే ఎక్కడున్నామో తెలియదు. తుప్పు పట్టి కదలకపోతే మూవ్‌మెంట్ పక్కన పెట్టి, మెడలో తుప్పు వదిలించే నూనె చుక్క వేసి ఒక రాత్రి ఉంచండి.

‘టిక్’ అసలు వినిపించకుండా, వదలగానే స్టెమ్ బయటికి తన్నుకొస్తుంటే స్లీవ్ కొనలు విరిగినట్టే. సరిచేయడం కుదరదు, అదే మర ఉన్న వేరే స్లీవ్ వేయాలి. స్టెమ్ నలుపలకల కొన సన్నగా ఉండి లోపల జారుతుంటే స్టెమ్ కూడా మార్చండి. అలాగే వాడితే మూవ్‌మెంట్ లోపలి చతురస్రం గుండ్రంగా అరిగిపోతుంది, ఆ మరమ్మతు ఖరీదైనది.

విడి స్టెమ్‌తో పరీక్షించినా కీ పడకపోతే అప్పుడు మాత్రమే క్లచ్ పళ్ళు, షిఫ్టింగ్ స్ప్రింగు (కీ నుంచి ముళ్ళకు మార్చే లోపలి భాగాలు) అనుమానించండి. అవి అరుదు. ఎంత తిప్పినా బిగుతే రాకపోతే చాలావరకు మెయిన్‌స్ప్రింగు (కీ ఇస్తే చుట్టుకునే స్ప్రింగు) తెగినట్టే, మార్పించండి. పూర్తిగా కీ ఉండి కదలకపోతే ‘కీ ఎక్కువైంది’ అని అమ్మేవాళ్ళు చెప్పే మాట నమ్మకండి. గడియారం పక్కకు వంచి చూడండి, బాలెన్స్ వీల్ (అటూ ఇటూ తిరుగుతూ టైము నిలిపే చక్రం) వదులుగా పక్కకు ఒరిగితే దాని ఇరుసు విరిగింది, లేకపోతే ఎక్కువగా మురికే కారణం.