ఊళ్లో ఒక్క హోటల్ నుంచి రెండోదానికి: ముందు చేతి కొలతను తూకంలోకి తెచ్చుకోండి

"మీ నర్సంపేట హోటల్ బాగా నడుస్తోంది కదా, మేం కూడా మాది హన్మకొండలో ఇంకోటి పెడదామనుకుంటున్నాం, ఎట్లా చేయాలి అక్కా?" అని అడిగేవాళ్లు చాలామంది. అందరూ ముందు డబ్బు గురించి అడుగుతారు, తర్వాత జాగా గురించి. మా అత్తమ్మ, మామయ్య నర్సంపేట బస్టాండు దగ్గర పెట్టిన భోజనాల హోటల్ ఇప్పుడు ఐదు చోట్ల నడుస్తోంది. ఆ అనుభవంతో నేను తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే: మీ ఇంటివాళ్లు ఎవరూ పొయ్యి దగ్గర లేని రోజు మీ పప్పుచారు ఎట్లా ఉంటుంది?

"కొంచెం తేడా వస్తది" అంటే రెండో హోటల్‌కు ఇంకా టైం ఉందన్నమాట. తేలిక పరీక్ష చెప్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో ఇంటిల్లిపాదీ పెళ్లికి పోండి, హోటల్ మాత్రం మూయకండి. తిరిగొచ్చాక వంట మాస్టర్‌ను అడగొద్దు, రోజూ వచ్చే గిరాకీని అడగండి. వాళ్లు ఏ తేడా చెప్పకపోతే అప్పుడు జాగాలు చూడటం మొదలుపెట్టవచ్చు.

ఈ పరీక్షలో గెలవాలంటే వంట రాతలోకి రావాలి. మా అత్తమ్మను కొలత అడిగితే గుప్పిట చూపించి "ఇగో, గింత" అనేది. ఆమెను కూర్చోబెట్టి చెప్పించుకుంటే లాభం లేదు, ఎందుకంటే చెప్పేది ఒకటి, చేసేది ఒకటి ఉంటుంది. అందుకే పొయ్యి పక్కన ఎలక్ట్రానిక్ కాంటా పెట్టి, దాని మీద స్టీలు గిన్నె ఉంచాను. ఆమె చేతిలోకి తీసుకున్న ప్రతీదీ ముందు ఆ గిన్నెలో పడాలి, అంకె నేను రాసుకున్నాకే గుండిగలోకి పోవాలి. "నా చెయ్యిని నమ్మవా బిడ్డా?" అంది మొదట్లో. "నీ చెయ్యినే రాసుకుంటున్న అత్తమ్మా" అన్నాను.

నోట్‌బుక్ నిండాక చూస్తే ఒక విషయం బయటపడింది. ఉప్పు గుప్పిట దాదాపు ఒకేలా ఉంది. కారం మాత్రం ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. చెయ్యి తప్పడం కాదది. ఆ రోజు కారం రంగు చూసి, వాసన చూసి ఆమె కొలత మార్చుకుంటోంది. చింతపండు కూడా అంతే, కొత్తదైతే తక్కువ, పాతదైతే ఎక్కువ. అనుభవం ఉన్న చెయ్యి చేసే పని ఇదే, సరుకులో వచ్చే తేడాను సర్దుతుంది. రెండో హోటల్‌లో ఆ చెయ్యి ఉండదు కాబట్టి, సరుకులోనే తేడా రాకుండా చూసుకోవాలి. కొలతల పుస్తకం ఒక్కటే పట్టుకుని బ్రాంచి తెరిచేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కారంతో మొదలుపెట్టండి. మన దగ్గర వరంగల్‌లో ఏనుమాముల మిర్చి మార్కెట్ ఉండటం అదృష్టం. చపాట మిరపకాయ రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో వరంగల్ చపాటకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. తేజ అయితే ఘాటే ఘాటు. ఈ రెండూ ఏ పాళ్లలో కలిపితే మీ ఇంటి కారం వస్తుందో ఒకసారి తేల్చుకుని, సీజన్‌లోనే ఏడాదికి సరిపడా కాయ కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టండి. ఏడాది కారం ఒకేసారి పట్టించకండి, పొడి నిలవుంటే రంగు దిగిపోతుంది. కాయ కాయగానే ఉండాలి, నెలకింత పట్టించుకోవాలి. చింతపండు కూడా సీజన్‌లోనే గింజ తీసి, ఒకే రకం కొనిపెట్టుకోవాలి.

బియ్యం సంగతి ఇంకా జాగ్రత్త. సన్నబియ్యమే అయినా కొత్తవి ముద్దవుతాయి, నీళ్లు తక్కువ పడతాయి. పాతబడిన కొద్దీ నీళ్లు ఎక్కువ లాగి పొడిపొడిగా వస్తాయి. ఐదు చోట్లా అన్నం ఒకేలా ఉండాలంటే ఐదు చోట్లకూ ఒకే మిల్లు, ఒకే పంట బియ్యం పోవాలి. కొత్త లోడు దిగగానే అరకిలో వండి చూసి, ఆ లోడుకు ఎంత నీళ్లో బస్తాల గది గోడ మీద చాక్‌పీస్‌తో రాయిస్తాం. ఇంకోటి, కిలో బియ్యానికి పోసే లెక్కను 20 కిలోలకు గుణించి పోయకండి. పెద్ద గుండిగలో ఆవిరయ్యే నీళ్లు మొత్తం నీళ్లతో పోలిస్తే తక్కువ, కాబట్టి అన్నం మెత్తబడుతుంది. ఏ సైజు గుండిగకు ఆ లెక్క విడిగా వండి చూసి రాసుకోవాల్సిందే.

నాటుకోడి పెట్టేవాళ్లు బరువు ఒక్కటే చూడొద్దు, వయసు చూడండి. ముదురు పుంజు ఎంతకీ ఉడకదు, లేత పెట్ట అదే టైంలో చిదికిపోతుంది. రెండూ ఒకే గుండిగలో పడితే ఏ మాస్టర్ ఏమీ చేయలేడు. కోళ్లు తెచ్చేవాళ్లకు బరువు ఇంతకూ ఇంతకూ మధ్య ఉండాలని, పుంజులు, పెట్టలు విడివిడిగా దించాలని ముందే చెప్పాలి. కాల్చి, పసుపు పూసి కడిగే పని మాత్రం ఏ హోటల్ కోళ్లకు ఆ హోటల్‌లోనే.

మసాలా ఒకే చోట చేసి ప్యాకెట్లుగా పంపండి. ఒక ప్యాకెట్ 10 కిలోల కూరకు అని ఉంటే ఎవరూ కొలవక్కర్లేదు, ఎవరూ మార్చలేరు కూడా. కానీ కుడుక, గసాలు అందులో కలపొద్దు. నూనె గింజలు కాబట్టి నాలుగు రోజులకే మక్కు వాసన వస్తాయి, ఎక్కడికక్కడ ఏ పూటకాపూట నూరుకోవాలి.

ఇక మెనూ. ఊళ్లో హోటల్ పెరిగే కొద్దీ బోర్డు కూడా పొడుగవుతుంది, ఎవరో అడిగారని ఒకటి, పక్క హోటల్‌లో ఉందని ఒకటి. రెండోది తెరిచేటప్పుడు ఆ బోర్డు మొత్తం మోసుకుపోకండి. అమెరికాలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు శాన్ బెర్నార్డినోలో 1940లో పెట్టింది కూడా ఒక మామూలు ఊరి రెస్టారెంటే. బాగా నడుస్తున్నదాన్ని 1948లో వాళ్లే కొన్నాళ్లు మూసి, మెనూను తొమ్మిది ఐటెమ్‌లకు కుదించి మళ్లీ తెరిచారు. పేరు పెరిగింది ఆ తర్వాతే. మా రెండో హోటల్‌లో బగారన్నం, తెల్లన్నం, నాటుకోడి, మటన్, పప్పుచారు, పచ్చిపులుసు, ఒక వేపుడు, పెరుగు. ఆదివారం తలకాయ కూర, బోటి. అంతే. "ఫ్రైడ్ రైస్ లేదా?" అని అడిగినవాళ్లకు లేదనే చెప్పాం.

ఆ అన్నదమ్ములదే ఇంకో పని నాకు బాగా నచ్చుతుంది. కొత్త వంటగది ఎట్లా ఉండాలో టెన్నిస్ కోర్టు మీద సుద్దతో నిజం సైజులో గీసి, పనివాళ్లను అందులో నడిపించి చూశారు. హన్మకొండ జాగా ఖాయమయ్యాక మేం మా డాబా మీద ముగ్గుపిండితో అట్లాగే గీశాం. పొయ్యిలు ఇక్కడ, గుండిగలు దించే అరుగు ఇక్కడ, కూరగాయలు కోసేది ఇక్కడ, గిన్నెలు తోమే తొట్టి అక్కడ అని గీతలు పెట్టి, మాస్టర్‌ను, వడ్డించే ఇద్దరు సప్లయర్లను ఉత్త బేసిన్లు పట్టుకుని మధ్యాహ్నం గిరాకీ టైంలో లాగే తిరగమన్నాం. ఎంగిలి ప్లేట్లు తెచ్చే పిల్లవాడు, వేడి పులుసు మోసుకొచ్చే మాస్టర్ ఒకే మూల దగ్గర ఎదురుపడుతున్నారు. తొట్టిని ఇంకో గోడకు మార్చి మళ్లీ గీశాం, మళ్లీ నడిచారు. గోడలు కట్టాక, పైపులు వేశాక ఇదే మార్పు చేయాలంటే ఎంత ఖర్చో ఆలోచించండి. ముగ్గుపిండికి అయ్యే ఖర్చు ఎంతో మీకే తెలుసు.

జాగా దగ్గరకు వద్దాం. మాకు పనికొచ్చిన లెక్క ఒకటుంది: మూడు రోజుల అమ్మకంలో నెల అద్దె వచ్చేయాలి. రాదనిపిస్తే ఆ మడిగ (షాపు గది) ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా దాని ఎదురుగా నిలబడి, ఎవరు పోతున్నారో చూడండి. ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల అయితే పేషెంట్లతో వచ్చినవాళ్లు, వాళ్లకు చిన్న పార్సిల్ కావాలి. నక్కలగుట్ట వైపు ఆఫీసుల వాళ్లు, లేటయితే మళ్లీ రారు. యూనివర్సిటీ వైపు పిల్లలకు కడుపు నిండాలి, రేటు తక్కువుండాలి. కాజీపేట స్టేషన్ దగ్గర బండి టైం చూసుకుంటూ తింటారు. ఒకే వంట, కానీ ప్లేటు, రేటు, వడ్డన ఎక్కడికక్కడ మారాలి.

ములుగు రోడ్డులో జాగా చూసేవాళ్లకు ఒక మాట. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, 2026 జనవరిలో అయింది. ఆ నాలుగు రోజుల జనాన్ని చూసి అద్దె ఒప్పుకోవద్దు. ఓనరు ఆ జనాన్నే చూపిస్తాడు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి వచ్చే సెలవురోజుల గిరాకీ ఉంది, అయినా మంగళవారం మధ్యాహ్నం ఎంతమంది వస్తారో అదే అసలు లెక్క. రెండో హోటల్ దూరం కూడా పెద్దగా ఉండొద్దు. మాస్టర్ రాకపోతే మొదటి హోటల్ నుంచి మనిషి గంట, గంటంపావులో అక్కడ పొయ్యి దగ్గర ఉండగలగాలి. నర్సంపేట నుంచి హన్మకొండ అందుకే ఎంచుకున్నాం, హైదరాబాద్ పిలుపులు వచ్చినా పోలేదు.

కాగితాల పని ఎక్కువ సాగదీయను. ఫుడ్ లైసెన్స్ ఒక్కో అడ్రస్‌కు ఒక్కోటి, మొదటిదాని మీద రెండోది నడపడం కుదరదు. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ వేరే. సిలిండర్ 19 కిలోల కమర్షియల్‌దే. వేపుడు నూనె పదేపదే కాచకండి, అట్లా కాచితే పుట్టే పోలార్ కాంపౌండ్లు అందులో 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి రూల్ ఉంది. మామూలు రెస్టారెంటుకు జీఎస్టీ 5 శాతం, కానీ మనం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. పొయ్యిలు, ఫ్రిజ్‌లు, అద్దె మీద కట్టే పన్నును కూడా ఖర్చులోనే రాసుకుని లెక్క వేయండి. స్విగ్గీ, జొమాటో ఆర్డర్ల మీద పన్ను 2022 జనవరి నుంచి వాళ్లే కడుతున్నారు, అయినా ఆ అమ్మకం మన జీఎస్టీ రిటర్న్‌లో విడిగా చూపించాలి. ఒక సంగతి చాలామంది గమనించరు: 20 మంది పనివాళ్లుంటే పీఎఫ్ కట్టాలి, ఆ లెక్క చూసేటప్పుడు బ్రాంచీలన్నీ ఒకటే సంస్థ కింద వస్తాయి. ఇక్కడ 12 మంది, అక్కడ 9 మంది అయితే 21 అయినట్టే. పేరు ముందే ట్రేడ్‌మార్క్ చేయించండి. హోటళ్లది 43వ క్లాసు, సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 4,500 రూపాయలు. పక్క ఊళ్లో మీ పేరుతో బోర్డు లేచాక ఏడ్చి లాభం లేదు.

డబ్బు విషయంలో నా పట్టు ఒక్కటే, ఏ గల్లా లెక్క ఆ గల్లాకే ఉండాలి. బ్యాంకు అకౌంట్లు వేరు, సరుకు పుస్తకాలు వేరు. నర్సంపేట నుంచి హన్మకొండకు పోయిన బియ్యం బస్తాకు కూడా బిల్లు రాస్తాం. లేకపోతే నష్టపోతున్న హోటల్‌ను బాగా నడిచే హోటల్ మోస్తూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఇంటివాళ్లకు కూడా జీతం రాయండి. గల్లాలోంచి చేతికొచ్చినంత తీసుకోవడం మామయ్య కాలంలో నడిచింది, ఎందుకంటే అప్పుడు గల్లా ఒకటే, కూర్చునేది ఆయనే.

అన్నిటికంటే కష్టం గల్లా మీద కూర్చునే మనిషి. ఇంటివాళ్లు ఎన్నో చోట్ల కూర్చోలేరు. బయట నుంచి తెచ్చిన మేనేజర్ల కంటే మన దగ్గర ప్లేట్లు తీసి, వడ్డించి, పార్సిల్ కట్టి పెరిగిన పిల్లలే నిలబడతారు. వాళ్లకు గిరాకీ మొహాలు తెలుసు, పప్పుచారు పలచనైతే ఎవరూ చెప్పకముందే తెలుస్తుంది. కానీ వట్టి జీతంతో వాళ్లు ఉండరు, ఉండమనడం న్యాయం కూడా కాదు. ఆ హోటల్ లాభంలో వాటా ఇవ్వండి, ఎంతో కాగితం మీద రాసి ఇవ్వండి, నెలనెలా లెక్క వాళ్ల ముందే తేల్చండి. మాస్టర్లకు మన ఏరియాలో అడ్వాన్సులు ఇచ్చి కట్టేసుకునే అలవాటుంది. పెద్ద అడ్వాన్సు ఇచ్చినంత మాత్రాన మనిషి నిలవడు. ఉండే గది, వారానికో సెలవు, ఒకటో తారీఖు జీతం, ఈ మూడూ ఉంటే నిలుస్తాడు.

రుచి చూడటానికి మా పద్ధతి ఇది. రోజూ ఒక హోటల్ నుంచి, ఏదో ముందు చెప్పకుండా, పప్పుచారు, కూర, అన్నం టిఫిన్ బాక్సులో ఇంటికి వస్తాయి. బాక్సు మీద పేరు ఉండదు, నంబరే. అత్తమ్మ తిని చెప్పింది రాసుకుని ఆ రోజు సాయంత్రమే ఆ మాస్టర్‌కు ఫోన్ చేస్తాం. వారం చివర్న చెప్తే ఆ రోజు సరుకు ఎవరికి గుర్తుంటుంది?

మీ పేరు నలుగురికీ తెలిశాక ఫ్రాంచైజీ అడిగేవాళ్లు వస్తారు. కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి మాకూ వచ్చారు. వాళ్లకు మేం చెప్పేది: ముందు మీ మనిషి వచ్చి మా వంటింట్లో ఒక సీజన్ పనిచేయాలి, కారం, మసాలా, బియ్యం మా దగ్గరే కొనాలి, నంబరు బాక్సు మీ హోటల్ నుంచి కూడా రావాలి, రుచి వరసగా తప్పితే బోర్డు దించాలి. ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాసి సంతకం పెట్టేవాళ్లతోనే మాట్లాడండి. డిపాజిట్ ఎంతో ఆ తర్వాత చూసుకోవచ్చు.